కాలయాత్ర కథకు కట్టుబాటే ప్రాణం

టీవీ సైన్స్ ఫిక్షన్‌లో కాలయాత్ర కథ నిలబడాలంటే ముందుగా ఒక సంగతి తేలాలి: గతంలోకి వెళ్లిన మనిషి అక్కడ ఏం చేయకూడదు? జరిగినదాన్ని ఎన్నిసార్లైనా దిద్దుకోవచ్చంటే ఏ ఆపదకూ బరువుండదు. చనిపోయినవాణ్ణి నిన్నటికి వెళ్లి బతికించుకుంటే సరిపోతుంది. మన పురాణాల్లో కకుద్మి మహారాజు కూతురు రేవతిని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్లి వచ్చేసరికి భూమ్మీద యుగాలు గడిచిపోతాయి. ఆ కథలో వెనక్కి దారి లేదు కాబట్టి ఈ పేచీ రాదు. టీవీ రచయితలు వెనక్కి దారి తెరిచారు. అందుకే వాళ్లలో మంచివాళ్లు మొదట ఒక కట్టుబాటు పెట్టుకుని, దాని చుట్టూ కథ అల్లారు.

బీబీసీలో 1963 నవంబరు 23న మొదలైన 'డాక్టర్ హూ' ఈ సంప్రదాయానికి పెద్దదిక్కు. నిర్మాత వెరిటీ లాంబర్ట్. మొదటి కథకు దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. అందులోని కాలనౌక పేరు టార్డిస్. దిగిన చోటికి తగ్గట్టు రూపం మార్చుకోవలసిన ఆ నౌక చెడిపోయి, అప్పటి లండన్ వీధుల్లోని నీలం రంగు పోలీసు ఫోన్ పెట్టెలాగే ఉండిపోతుంది. దీంతో ప్రతి కథకూ కొత్త నౌక తయారుచేసే ఖర్చు తప్పింది. తొలి ఏళ్లలో కథానాయకుడైన డాక్టర్‌కు దాన్ని కోరిన చోటికి నడపడం కూడా చేతకాదు. ఇల్లు చేరలేని ప్రయాణికులు ఒక్కో కథలో ఒక్కో కాలంలో చిక్కుకుంటూ ఉంటారు. నౌకలోని లోపాలే సీరియల్‌ను ముందుకు నడిపాయి.

ఆ సీరియల్‌కే 1964లో జాన్ లుకరోటి రాసిన 'ది అజ్‌టెక్స్' కట్టుబాటు విలువను మొదటిసారి గట్టిగా చూపింది. ప్రయాణికుల్లో ఒకరైన చరిత్ర టీచరు బార్బరాను అజ్‌టెక్ ప్రజలు దేవతగా భావిస్తారు. ఆ అధికారంతో నరబలి మాన్పించాలని ఆమె పూనుకుంటుంది. చరిత్రను తిరగరాయడం కుదరదని డాక్టర్ హెచ్చరిస్తాడు. చివరికి బలులు ఆగవు. ఆమెను నమ్మిన ఒక పూజారి మాత్రం తన పదవినీ పాత విశ్వాసాన్నీ విడిచి వెళ్లిపోతాడు. పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ చూసే కార్యక్రమంలో ఇంత చేదు ముగింపు పెట్టడానికి ధైర్యం కావాలి.

మూడేళ్ల తర్వాత అమెరికాలో 'స్టార్ ట్రెక్' ఇదే చిక్కును ప్రేమకథగా మార్చింది. 1967 ఏప్రిల్ 6న ప్రసారమైన 'ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్' ఎపిసోడ్‌కు కథ హార్లన్ ఎలిసన్‌ది. మందు వికటించి మతి తప్పిన అంతరిక్షనౌక వైద్యుడు మెకాయ్ గతంలోకి దూకేస్తాడు. మరుక్షణం ఆకాశంలో ఉండవలసిన ఆ నౌక మాయమవుతుంది. అక్కడ అతను ఏదో మార్చాడు, ఏమిటో తెలియదు. అతన్ని ఆపడానికి నౌక కెప్టెన్ కర్క్, అతని సహచరుడు స్పాక్ 1930 నాటి న్యూయార్క్‌కు వెళ్తారు. మాంద్యం రోజుల్లో ఆకలిగొన్నవారికి అన్నం పెడుతున్న ఎడిత్ కీలర్‌ను కర్క్ ప్రేమిస్తాడు. ఈలోగా స్పాక్ ఆ కాలపు రేడియో వాల్వులు పోగుచేసి ఒక పరికరం కడతాడు. అందులో ఎడిత్‌కు రెండు భవిష్యత్తులు కనిపిస్తాయి. ఒకదానిలో ఆమె త్వరలోనే రోడ్డు ప్రమాదంలో చనిపోతుంది. రెండోదానిలో బతికి, శాంతి ఉద్యమానికి నాయకురాలై, అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలో దిగడాన్ని ఆలస్యం చేస్తుంది; ఆ వ్యవధిలో జర్మనీ అణుబాంబు సాధిస్తుంది. ఆమె చెప్పే శాంతి మాట తప్పు కాదు, కానీ ఆ మాటకు అది కాలం కాదు. ట్రక్కు దూసుకొచ్చే క్షణంలో మెకాయ్ ఆమెను కాపాడబోతే కర్కే అతన్ని గట్టిగా పట్టుకుని ఆపేస్తాడు. చరిత్ర యథాస్థానానికి వస్తుంది. వ్యాఖ్యానం లేదు, ఓదార్పు లేదు. ఈ ఎపిసోడ్‌కు 1968లో హ్యూగో అవార్డు దక్కింది. టీవీలో కాలయాత్రకు ఇంతకంటే గొప్ప సన్నివేశం అరుదు.

అర్ధశతాబ్దం దాటాక 'డాక్టర్ హూ' ఆ బరువును భారత ఉపఖండానికి తెచ్చింది. విన‌య్ పటేల్ 2018లో రాసిన 'డీమన్స్ ఆఫ్ ది పంజాబ్'లో యాస్మిన్ ఖాన్ అనే యువతి తన అమ్మమ్మ యవ్వనాన్ని చూడాలని 1947 ఆగస్టుకు వెళ్తుంది. తాతయ్య కాని ఒక హిందూ యువకుడితో అక్కడ అమ్మమ్మ పెళ్లి జరగబోతోంది. విభజన మంటల్లో ఆ యువకుడు ప్రాణం పోగొట్టుకుంటాడని తెలిసీ యాస్మిన్ ఊరుకోవాలి. అతను బతికితే ఆమె పుట్టదు. రాక్షసులనుకున్న గ్రహాంతరవాసులు హంతకులు కారు. పట్టించుకునేవాళ్లు లేక చనిపోయేవారికి సాక్షులుగా నిలబడటానికి వచ్చినవారు. ప్రాణాలు తీసేది ఇరుగుపొరుగే, తోడబుట్టినవాడే.

గతం మారదన్న కట్టుబాటును మరో కొసకు లాగితే, కాలయాత్రికుడు చేసిన పని కూడా గతంలో మొదటి నుంచీ భాగమే అవుతుంది. స్టీవెన్ మోఫట్ 2007లో రాసిన 'బ్లింక్' ఇందుకు చక్కటి నమూనా. రాతి దేవదూతలు ముట్టుకుంటే మనుషులు గతంలో పడి, అక్కడే బతికి చనిపోతారు. డాక్టర్ 1969లో చిక్కుకుని కెమెరా ముందు మాట్లాడతాడు. ఆ రికార్డింగు 17 డీవీడీల్లో దాగి ఉంటుంది. 2007లో సాలీ స్పారో టీవీ ముందు కూర్చుని ప్రశ్నలు వేస్తే తెరమీది మనిషి సరిగ్గా జవాబిస్తాడు. ఎలాగంటే, ఆమె మాటలన్నీ రాసి ఉన్న కాగితం అతని దగ్గర ఉంది. పక్కన కూర్చున్న లారీ అనే యువకుడు అప్పటికప్పుడు రాస్తున్నది ఆ కాగితాన్నే. ఏడాది తర్వాత, ఇంకా 1969కి వెళ్లని డాక్టర్ ఎదురుపడినప్పుడు సాలీ దాన్ని అతని చేతిలో పెడుతుంది. అంటే డాక్టర్ పలికిన మాటలను మొదట ఆలోచించిందెవరు? ఎవరూ కాదు. ఆ చక్రానికి మొదలు లేదు. ఈ చమత్కారం పక్కనే ఒక చావు ఉంది: కాసేపటి క్రితం సాలీ ఫోన్ నంబరు అడిగిన యువ పోలీసు అధికారి ఆమెకు అంతలోనే ఆసుపత్రి మంచం మీద ముసలివాడై కనిపిస్తాడు, వాన వెలిసేలోపు కన్నుమూస్తాడు. ఆ మనిషి లేకపోతే ఎపిసోడ్ ఒక తెలివైన పొడుపుకథగా మిగిలిపోయేది.

ఒకే రోజు మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే కథలది వేరే పద్ధతి. 1992 నాటి 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' ఎపిసోడ్ 'కాజ్ అండ్ ఎఫెక్ట్'లో టైటిల్స్ పడకముందే నౌక పేలిపోతుంది. తర్వాత అదే పేకాట, అదే ప్రమాదం, మళ్లీ పేలుడు. దర్శకుడు జొనాథన్ ఫ్రేక్స్ ఒకసారి తీసిన దృశ్యాలనే మళ్లీ వేయకుండా ప్రతి ఆవృత్తినీ వేరే కోణాల్లో చిత్రించాడు. దాంతో ఇదంతా ముందే జరిగిందన్న పాత్రల లీలామాత్రపు జ్ఞాపకం ప్రేక్షకుడికీ అంటుకుంటుంది.

ఈ కథల్లో ఎక్కువగా కనిపించే బలహీనత కూడా ఉంది. చివర్లో కాలాన్ని సరిచేసి, నలభై నిమిషాలు పడిన కష్టమంతా జరగనే లేదనడం. వచ్చే వారానికి పాత్రలు యథాతథంగా కావాలి కాబట్టి టీవీకి ఇది తేలిక దారి. ప్రేక్షకుడు మాత్రం మోసపోయినట్టే. 1993లో ముగిసిన 'క్వాంటమ్ లీప్' ఆ దారి పట్టలేదు: స్నేహితుడి పోయిన కాపురాన్ని నిలబెట్టిన కథానాయకుడు సామ్ బెకెట్ తాను మాత్రం ఎన్నటికీ ఇల్లు చేరడు.

జర్మన్ సిరీస్ 'డార్క్' (2017–2020) ఆ తేలిక దారినే మూసేసింది. మూడు సీజన్లలోని 26 ఎపిసోడ్లకూ కథ ఒక్కటే. విండెన్ అనే ఊళ్లో 33 ఏళ్ల ఎడంతో 1953, 1986, 2019 ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. 2019లో తప్పిపోయిన పిల్లవాడు మికెల్ 1986లో తేలి, అక్కడే పెరిగి, పెళ్లి చేసుకుని, యోనాస్‌కు తండ్రవుతాడు. పిల్లవాణ్ణి వెనక్కి తీసుకొస్తే యోనాస్ పుట్టడు. తండ్రి ఆత్మహత్యను ఆపడానికి వెళ్లిన యోనాస్, తన రాకే అందుకు దారితీసిందని గ్రహిస్తాడు. ఒక్కో పాత్రను మూడు వయసుల్లో ముగ్గురు పోషిస్తుంటే, పోలికలున్న నటులను వెతికి తేవడం, తెరను రెండుగా చీల్చి ఒకే మనిషి రెండు వయసులను పక్కపక్కన చూపడం రచనతో సమానమైన పనులయ్యాయి. ఇన్ని తరాల బంధుత్వాలు రెండు గంటల సినిమాలో ఇమడవు. పేర్లు, ముఖాలు, బంధాలు గుర్తుపెట్టుకునే తీరిక ప్రేక్షకుడికి సీజన్ల నిడివే ఇచ్చింది. ఒక సీజన్‌లో చూసిన గాయపు మచ్చకు కారణం మరుసటి సీజన్‌లో తెలిసినా సహించే ఓపిక అలా కుదురుతుంది.