పెళుసుబారిన పుట

పెళుసు అనే మాట మనకు చాలాచోట్ల పనికొస్తుంది. మునగకొమ్మ పెళుసు, అందుకే పిల్లల్ని దాని మీదికి ఎక్కనివ్వరు. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచిన కొడవలిని మళ్ళీ కాస్త సెగ చూపకుండా వదిలేస్తే పెళుసు. అడిగినదానికి విసురుగా జవాబిచ్చేవాడిది పెళుసు మాట. పాత పుస్తకాలతో పొద్దుపుచ్చే నాలాంటివాళ్ళకు మాత్రం ఆ మాట వినగానే కాగితమే గుర్తొస్తుంది.

కాగితం పెళుసుబారిందో లేదో తేల్చడానికి గ్రంథాలయాల్లో ఒక పరీక్ష ఉంది. పుట మూలను ముందుకోసారి, వెనక్కోసారి మడుస్తారు. రెండు మూడు మడతల్లో తెగిపోతే పెళుసుబారినట్టే. నాకు ఈ పరీక్ష నచ్చదు. సంగతి తెలుసుకోవడానికి మూల పోగొట్టుకోవడం ఎందుకు? పుట ఎత్తగానే వచ్చే చప్పుడే చెబుతుంది. బాగున్న కాగితం వంగి వాలుతుంది. చెడింది గలగలమంటూ బిగుసుకుపోతుంది. మడిస్తే తెగిన పుటను చదివేటప్పుడు తిప్పినట్టు తిప్పితే వందలసార్లయినా తిప్పవచ్చని అమెరికన్ రచయిత నికల్సన్ బేకర్ 2001లో ‘డబుల్ ఫోల్డ్’ అనే పుస్తకంలో వాదించాడు. మడత పరీక్ష పేరు చెప్పి పుస్తకాలను, పత్రికలను వదిలించుకున్న గ్రంథాలయాల మీద ఆయన కోపం న్యాయమైనదే.

పెళుసుతనానికి వయసే కారణం అనుకుంటాం. కానీ మూడు వందల ఏళ్ళ కిందటి చేతి కాగితం ఇప్పటికీ మెత్తగా ఉంటే, 1930ల నాటి నవల వేలు తగిలితే రాలుతుంది. పాత కాగితం గుడ్డపేలికలతో చేసింది. 19వ శతాబ్దం నడిమి నుంచి కొయ్యగుజ్జు వచ్చింది. సిరా పీల్చకుండా ఉండాలని అందులో రోజనం, పటిక కలిపారు. పటిక వల్ల కాగితంలో ఆమ్లం చేరింది. అది లోపలి పొడవాటి నారపోగులను ఏళ్ళ తరబడి తుంచుతూ పోతుంది. వేడి, తేమ ఆ పనిని ఇంకా తొందరపెడతాయి. మన కోస్తాలో రెండింటికీ కొదవ లేదు! అంటే ఆ పుస్తకాల చేటు అచ్చయిన రోజునే వాటి వెంట వచ్చింది.

1924లో కాశీనాథుని నాగేశ్వరరావు మొదలుపెట్టిన ‘భారతి’ లాంటి పత్రికల పాత సంచికలు చేతికొస్తే నేను ముందు కుట్టు చూస్తాను. మన పాత బైండింగుల్లో చాలావాటికి పక్కకుట్టు వేసేవారు. దారం వీపుకు కాస్త ఇవతలగా అట్ట నుంచి అట్టకు గుచ్చుకుపోతుంది. అలాంటి పుస్తకం పూర్తిగా విచ్చుకోదు. బలవంతాన విప్పితే పుట సరిగ్గా ఆ దారం వెంబడే పెళ్ళున తెగుతుంది. అందుకని సగమే తెరిచి, రెండు పక్కలా దిండ్లు ఆనించి చదవాలి. పుటను మూల పట్టుకుని లాగకూడదు. గట్టి అట్టముక్కను కిందికి జరిపి, పుట బరువు దాని మీద పడేలా ఎత్తి అవతలికి వాల్చాలి. వేలు తడిచేసుకోవడం మాట అసలు తలపెట్టకూడదు.

చిరుగుకు సెలోటేపు వేయడం అన్నిటికన్నా చెరుపు. కొన్నేళ్ళకు టేపు ఊడిపోతుంది, జిగురు మాత్రం పసుపు మరకై కాగితంలో ఉండిపోతుంది. పల్చటి జపాను కాగితం చాలు. దాన్ని కత్తిరించకుండా, నీటిగీత గీసి చేత్తో చింపాలి. అంచున పీచు లేస్తుంది. ఆ పీచే చిరుగుకు అతుక్కుని పట్టు ఇస్తుంది. గోధుమ గంజి పల్చగా రాసి, అద్దుడు కాగితం పెట్టి, మీద బరువు ఉంచాలి. రేపు ఇంకెవరైనా విప్పాలనుకుంటే కాస్త తడి చేస్తే చాలు, ఊడి వస్తుంది. బైండింగు జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటు మనకుంది. పురుగు రాకపోవచ్చు గానీ, అందులోని రాగి కాగితాన్ని ఇంకా త్వరగా తింటుంది. తాటాకు సంగతి వేరు. ఎండి బిరుసెక్కిన ఆకుకు నిమ్మగడ్డి నూనె రాస్తే మళ్ళీ వంగుతుంది. అది చూసి అచ్చు పుస్తకానికి నూనె పూయబోకండి.

స్కాన్ చేశాం కదా, ఇక పుస్తకం ఎందుకు అనే మాట ఈమధ్య తరచు వింటున్నాను. విన్నప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది. వీపు కోసి, పుటలు విడదీసి, యంత్రంలోకి తోసి, తర్వాత తూకానికి వేసేస్తారు. ఆ స్కానులో ఒక పుట ఎగిరిపోయినా, అంచున పాఠకుడు పెన్సిలుతో రాసుకున్న మాట తెగిపోయినా మళ్ళీ వెళ్ళి చూసుకోవడానికి ఏముంది? పుస్తకాన్ని సగం తెరిచి పైనుంచి ఫొటో తీసే పద్ధతి ఉంది. ఆలస్యమవుతుంది, నిజమే. వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నుంచి పోగుచేస్తూ వచ్చినటువంటి పత్రికలకు ఆ మాత్రం ఆలస్యం ఎక్కువేమీ కాదు.

మీ ఇంట్లో తాతలనాటి పెట్టె ఉంటే, పాత పేపర్లవాడిని పిలిచే ముందు పేర్లు, సంవత్సరాలు ఒక కాగితం మీద రాసి దగ్గర్లోని గ్రంథాలయంలో చూపించండి. రాలిన ముక్కల్ని ఊడ్చేయకండి. ఒక కవరులో వేసి, ఏ పుటవో పైన పెన్సిలుతో రాసి, అదే పుస్తకంతో పాటు ఇవ్వండి. అతికేవాళ్ళకు అవి కావాలి.