తుక్కా పంచకము: గజపతి పుత్రిక కథయందలి వైరవారసత్వము

తిరుమల దేవాలయమున శ్రీకృష్ణదేవరాయలకు ఇరువైపుల తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నేటికిని లోహవిగ్రహములుగ నిలిచియున్నారు. గజపతి ప్రతాపరుద్రదేవుని కూతురు కూడ రాయల ధర్మపత్నియే. ఆమెకు అక్కడ చోటు దొరకలేదు. చోటు మాట యటుండగా, ఆమె పేరే నిశ్చయముగ తెలియదు. కావ్యములు జగన్మోహిని యనును. కొందరు చరిత్రకారులు అన్నపూర్ణ యందురు. కంభము ప్రాంతమువారు వరదరాజమ్మ యందురు. సంస్కృత పండితుల వాడుకలో ఆమె తుక్కాదేవి. ఇన్ని పేర్లు గల రాణికి ఒక్క పేరును స్థిరపడకపోవుట, ఆమెను గూర్చి చెప్పినవారెల్లరు ఆమెను దూరమునుండియే చూచిరనుటకు నిదర్శనము.

తుక్కా పంచకమను ఐదు సంస్కృత శ్లోకములు ఆమె రచనయని ప్రతీతి. వివాహానంతరము భర్త ఆదరమునకు నోచుకొనక, కంభమున ఒంటరిగ కాలము గడపుచు ఆమె వీనిని చెప్పెనని కథ. వీనిని స్త్రీకవయిత్రి రచనలుగ లెక్కపెట్టి విడిచిన వ్యాసములు కలవు. కేవలము కట్టుకథయని త్రోసివేసినవియు కలవు. రెండు మార్గములును తొందరపాటే. శ్లోకములు ఆమెవి యగునా కాదా యను ప్రశ్నకంటె, లోకము వానిని ఆమెకే యేల అంటగట్టెనను ప్రశ్న విలువగలది. శత్రురాజు కూతురు భర్తను వలచియుండుననియు, ఆ వలపు శత్రుత్వముచేతనే వ్యర్థమైనదనియు దక్షిణదేశము నమ్మినది. ఆ నమ్మకమునకు చరిత్రలో మూలమెంత, కల్పన యెంత యని విడదీసి చూడవలసియున్నది.

రాయలకును గజపతికిని నడుమగల వైరము వారిరువురు తెచ్చుకొన్నది కాదు. కపిలేంద్ర గజపతి 15వ శతాబ్ది మధ్యమున గోదావరి కృష్ణలను దాటి దక్షిణమునకు సేనలను నడపి, తన బిరుదావళిలో గౌడేశ్వరునితోబాటు నవకోటి కర్ణాట కలబురిగేశ్వరుడనని చేర్చుకొనెను. పొరుగు రాజ్యము నాదేయని సింహాసనము మీదనుండి ప్రతిదినము చదివించుకొను బిరుదము అది. మనుమడైన ప్రతాపరుద్రునకు 1497లో రాజ్యముతోబాటు ఆ బిరుదమును సంక్రమించినది. ఇవతలివైపు సంగతియు అట్టిదే. సాళువ నరసింహుడు మరణశాసనముగ మూడు దుర్గములను పేర్కొని, అవి సాధింపవలసినవని తన తరువాతివారికి చెప్పిపోయెననియు, ఆ మూడింటిలో ఉదయగిరి యొకటి యనియు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. 1509లో పట్టమెక్కిన కృష్ణరాయలు సాళువ వంశజుడు కాడు, తుళువ వంశజుడు. ఐనను వంశము మారినంత మాత్రమున పగ మారలేదు. ఆస్తి పంచుకొనని దాయాదులు కూడ అప్పు పంచుకొన్నట్లు, తుళువలు సాళువల పగను తమదిగ స్వీకరించిరి.

దండయాత్ర వివరములు అందరెరిగినవే. 1514లో ఉదయగిరియు, 1515లో కొండవీడును లొంగినవి. ఆపై కొండపల్లి. సింహాచలమున 1516 నాటి రాయల దానశాసనము కలదు. పొట్నూరున జయస్తంభము నాటించెనని కవులు వర్ణించిరి. చివర జరిగిన సంధిలో కృష్ణకు ఉత్తరమున గెలిచిన దేశమును రాయలు తిరిగి ఇచ్చివేసెను, గజపతి కూతురినిచ్చెను. సంధిపత్రమున ఆమె ఇష్టానిష్టములకు ప్రసక్తి యుండునని ఆశించుట వెఱ్ఱితనము. కాని ఈ కథను చెప్పిన కవులును ఆ ప్రశ్న అడుగకపోవుట గమనింపదగినది.

నూనిజ్ చెప్పిన మరియొక ఉదంతము ఇచ్చట అత్యంత ముఖ్యము. కొండవీటి సమరమున పట్టుబడిన గజపతి కుమారుడు వీరభద్రుడు ఖడ్గవిద్యలో ప్రవీణుడని విని, రాయలు ఆ నేర్పు చూడగోరి, తన కొలువులోని యొక సామాన్యుని ఎదుట నిలిపెనట. రాజరక్తము లేనివానిని తాకి చేతులు మైలపరచుకొనుటకంటె చావు మేలని యువరాజు తన్ను తాను పొడుచుకొనెనట. ఐతే దావణగెరె ప్రాంతమున 1516 నాటి శాసనమొకటి ఈ వీరభద్రుడే రాయల క్రింద మలెబెన్నూరు సీమ నేలుచు, తండ్రికిని రాయలకును పుణ్యముగ పెండ్లిసుంకములను మాన్పించినట్లు తెలుపుచున్నది. కత్తితో పొడుచుకొన్న కథను లోకము భద్రముగ దాచుకొన్నది; పెండ్లిసుంకము మాన్పించిన రాతిని శాసనపరిశోధకులు దప్ప తలచువారు లేరు. రెండింటిలో ఏది నిజమైనను, లేక రెండును నిజమైనను, జ్ఞాపకము దేనిని ఎన్నుకొన్నదో స్పష్టముగ తెలియుచున్నది. శత్రువు మన కొలువున చేరి మన ప్రజల పెండ్లిండ్లకు మేలు చేసెనను మాటకంటె, శత్రువు గర్వించి చచ్చెనను మాట చెప్పుకొనుటకు సుఖముగ నుండును.

అన్న విషయమున జరిగిన యెన్నికయే చెల్లెలి విషయమునను జరిగినది. ఆమె తొలిరేయి ఒడిలో కటారి దాచుకొని వచ్చెనని యొక కథ. తండ్రియే అట్లు బోధించి పంపెనని దానికి తోక. రాయలు దాసీపుత్రుడని ఆమె యీసడించెనని మరియొక కథ. రాయల తల్లి నాగాంబను గూర్చి వ్యాపించిన వదంతులు దీనికి ఊతము. నాటకశాలలు ఈ కటారిని విడువక పట్టుకొన్నవి, ఏలయన రంగస్థలము మీద కటారి మెఱసినట్లు మౌనము మెఱయదు. కాని విమర్శదృష్టితో చూచినచో ఈ కటారి కథకు పనియే లేదు. భర్త యాదరింపలేదనుటకు శత్రురాజు కూతురగుట చాలిన కారణము. అంత చిన్న కారణమునకు ఒక స్త్రీ బ్రతుకు చెడెనని ఒప్పుకొనుటకు మనసొప్పనివారు, ఆమె చేతికి కటారి నిచ్చి తప్పును ఆమెపై నెట్టిరి. కథ చెప్పినవాని పక్షపాతమే కథలోని పాత్ర దోషమైనది.

ఇక శ్లోకములు. అన్నింటిలో ప్రసిద్ధమైనది తుమ్మెదను, సంపెంగను గూర్చిన అన్యోక్తి. అడవిలో క్రొత్త పూగుత్తులన్నింటిని తిరిగి వచ్చు తుమ్మెద సంపెంగను మాత్రము వాసన చూడదు. ఇది కవిసమయము, తెలుగువారికి వసుచరిత్రలోని నాసికావర్ణన మూలమున సుపరిచితము. అక్కడ ఆ సంపెంగ కినిసి తపస్సు చేసి, నాయిక నాసికగ పుట్టి పగ తీర్చుకొన్నంత పని చేయును. చమత్కారమునకు అది చాలును. ఈ శ్లోకమున నున్నది వేరు. పూవు అందమైనది కాదా, తుమ్మెద రసికుడు కాడా యని రెండు ప్రశ్నలు వేసి, రెండు పక్షములను నిర్దోషులుగ జేసి, భారమంతయు ఈశ్వరేచ్ఛపై మోపి శ్లోకము ముగియును. కర్తృనామము లేకయే సుభాషితముగ చెల్లుటకు తగినంత నున్నని పలుకు. ఎవరైనను చెప్పవచ్చును.

ఐనను తుక్కాదేవి నోట పెట్టి చదివినప్పుడు ఈ పలుకు బరువెక్కును. ఈశ్వరేచ్ఛ యని ఆమె దేనిని పిలిచినది? కపిలేంద్రుని బిరుదము ఈశ్వరేచ్ఛ కాదు. నరసింహుని మరణశాసనము ఈశ్వరేచ్ఛ కాదు. అవి మనుష్యులు చేసినవి, మనుష్యులు వ్రాయించినవి. తండ్రిని నిందించుటకు కూతురికి నోరాడదు. భర్తను నిందించుటకు రాణికి వీలు లేదు. మిగిలినది దైవము. తిరుగబడని దిక్కు అదియొక్కటే. ఆ శ్లోకమున కోపము లేకపోవుటను సాత్త్వికతగ మెచ్చుకొన్నవారు కలరు. అది పొరపాటని తోచును. రెండు ప్రశ్నలు వేసి సమాధానమును దైవము వైపు త్రిప్పుట నిందను మ్రింగుకొను నేర్పుగాని నింద లేకపోవుట కాదు. ఒకవేళ శ్లోకము అజ్ఞాతకవిదే యైనను, దానిని ఎత్తి ఆమె కథలో పొదిగిన రసికుడెవడో ఈ సూక్ష్మమును గుర్తించినవాడే.

ఈ కథకు ఉత్కళమున అద్దములోని బింబమువంటి కథ కలదు. తెలుగు విమర్శకులు దీనిని తగినంత పట్టించుకొనలేదు. ప్రతాపరుద్రుని తండ్రి పురుషోత్తమదేవుడు కాంచీరాజపుత్రి పద్మావతిని కోరెను. జగన్నాథుని రథము ముందు బంగారు చీపురుతో ఊడ్చు గజపతికి కూతురినియ్యనని కాంచీరాజు త్రోసివేసెను. యుద్ధము జరిగినది. జగన్నాథ బలభద్రులే నల్లని, తెల్లని గుఱ్ఱములెక్కి ముందు నడచి, దారిలో మాణిక యను గొల్లపడుచు వద్ద పెరుగు త్రాగిరట. గెలిచిన రాజు పట్టుబడిన కన్యను ఊడ్చువానికే యిండని పంతముగ ఆజ్ఞాపించెను. మంత్రి తెలివిగ రథయాత్ర వఱకు వేచియుండి, రాజు చీపురు పట్టిన క్షణమున ఆమెను తెచ్చి ఊడ్చువాడు వీడేయని అప్పగించెను. ఒరియాలో పురుషోత్తమదాసు దీనిని కావ్యముగ చెప్పెను. 19వ శతాబ్ది చివర రామశంకర రాయ్ నాటకముగ వ్రాసెను.

రెండు కథలను ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. అక్కడ దక్షిణాదివాడు గజపతిని ఊడ్చువాడని ఈసడించెను. ఇక్కడ గజపతి కూతురు దక్షిణాదివానిని దాసీపుత్రుడని ఈసడించెనట. పేర్లు తారుమారైనవి, మాట ఒక్కటే. ఉత్కళ కథయందు భక్తి ఆ మాటలోని విషమును విరిచినది. అవమానముగ తలచిన చీపురే కల్యాణమునకు కారణమైనది. మన కథలో అట్టి మంత్రి లేడు. తిమ్మరుసు ఉన్నాడు గాని, అతని తెలివి వివాహము చేయించుటతో ఆగినది. తరువాత కాపురము సంగతి రాజనీతిలో చేరదు.

ఇంకొక విశేషము. ప్రతాపరుద్రుడు ఆ పద్మావతి కడుపున పుట్టినవాడేయని ఉత్కళ సంప్రదాయము. కాంచీరాజు సాళువ నరసింహుడేయని తలచు చరిత్రకారులు కొందరు కలరు. ఈ రెంటిని నమ్మినచో, విజయనగరమున శత్రుకన్యగ కాలుపెట్టిన తుక్కాదేవికి నాయనమ్మ దక్షిణదేశపు ఆడపడుచు; పగను మరణశాసనముగ వ్రాసిపోయిన నరసింహుడే ముత్తాత. చరిత్రగ ఇది నిలువకపోవచ్చును. కాని పగ ఎవరిమీద, ఎవరికి అను ప్రశ్నకు పురాకథ తానే ఇచ్చుకొన్న సమాధానమిది.

రాయవాచకమును ఇచ్చట స్మరింపకుండుట అన్యాయము. రాయల మరణమునకు చాల కాలము తరువాత, మధుర నాయకుల కాలమున పుట్టిన వచనమది. అందు అశ్వపతి, గజపతి, నరపతి యని మూడు సింహాసనములు; కాశీ, జగన్నాథము, తిరుపతి యని వానికి మూడు దైవస్థానములు. గజపతి అందు ఓడింపదగిన వాడే గాని, హీనుడు కాడు. పెద్దనకు ఆపాదించిన సీసపద్యము, రాయలు పోయిన పిమ్మట దండెత్తిన గజపతిని సిగ్గుపఱచి మఱలించెనని చెప్పునది, చాటువుగ పండితుల నోళ్లలో నిలిచినది. రాయవాచకపు ఔదార్యము గ్రంథమునకే పరిమితమైనది. దెప్పిపొడుపునకు ఛందస్సు తోడైనచో ఎంతదూరమైనను పోవును.

ఒరిస్సాలోని బరంపురము, పర్లాకిమిడి తెలుగువారికిని, బళ్లారి, హోసపేట తెలుగువారికిని ఈ కథ రెండు దిక్కులనుండి వినవచ్చును. ఒకరికి గజపతి తమ నేల రాజు, మరియొకరికి రాయలు తమ నేల రాజు. సింహాచల దేవునికి గజపతులును దానములు చేసిరి, రాయలును చేసెను. ఉదయగిరినుండి బాలకృష్ణుడు హంపికి వచ్చినట్లే, విద్యానగరమునుండి సాక్షిగోపాలుడు కటకమునకు పోయెనని వైష్ణవుల మాట. దేవుళ్లు పోయినచోట పూజలందుకొనిరి.

తుక్కాదేవి ఏకాంతవాసము చేసెనన్న కంభమున, గుండ్లకమ్మకు రెండు కొండల నడుమ కట్టవేసిన పెద్దచెఱువు కలదు. గజపతి పుత్రికయైన వరదరాజమ్మ దానిని కట్టించెనని అక్కడివారి మాట. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దానిని వారసత్వ కట్టడముగ గుర్తించినది. ఆ చెఱువు క్రింద పండించుకొన్న రైతులు ఆమె చేత కటారిని గూర్చి అడిగినట్లు లేదు. పేరు మాత్రము, పండితుల పుస్తకములలో లేని పేరు, దాచియుంచిరి.