ఆశునాటకము – అభ్యాసము : చిందు యక్షగానము, ముంబయి తెలుగు చాళ్లు

ఆశుకవిత్వమునకు మన సాహిత్యలోకమున గల గౌరవము సామాన్యమైనది కాదు. తిరుపతి వేంకటకవుల అవధానములను తలంచుకొని నేటికిని పులకించువారు కలరు. అయినను, రాత్రియంతయు వీథిలో నిలిచి, ముందు వ్రాసికొనని వచనముతో కథను నడపు చిందు భాగవతుని పలుకును మాత్రము "నోటికి వచ్చినది మాట్లాడుట" యని త్రోసివేయుట పండితులకు అలవాటైనది. ఒకే శక్తి సభలో విద్యయై, వీథిలో లోపమగుట ఎట్లు? ఆ కళాకారుల కులము ఈ చిన్నచూపునకు కొంత కారణమనుట నిష్ఠురమైనను సత్యము. ఈ దృష్టిని సరిదిద్దుకొనవలసిన అవసరము తమ పిల్లల నోట తెలుగు నిలుపగోరు ముంబయి తెలుగువారికి మరింతగా కలదు.

ఇందులకు గడ్డం సమ్మయ్య గారి కళాజీవితము చక్కని ఉదాహరణము. జనగామ జిల్లాకు చెందిన ఈ చిందు యక్షగాన కళాకారునకు 2024లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఐదు దశాబ్దములకు పైబడిన కాలములో 19,000 ప్రదర్శన లిచ్చినట్లు ఆ సందర్భమున ప్రకటింపబడినది. కీచకపాత్రకు ఆయన ప్రసిద్ధులు. తాను ఆడుటతో తృప్తిపడక, కళాకారుల సంఘమును నెలకొల్పి యువకులకు శిక్షణ నిచ్చుచు వచ్చిరి. ప్రదర్శనల సంఖ్య గొప్పదే. కాని విమర్శకుడు గమనింపవలసినది సంఖ్యను కాదు, అన్నిమారులు ఆడినను కథ పాతబడకుండుటకు గల కారణమును.

ఆ కారణము ప్రదర్శన నిర్మాణములోనే యున్నది. యక్షగానమున ద్విపద, దరువు మొదలైనవి స్థిరములు. చెర్విరాల భాగయ్య వంటి రచయితలు తెలంగాణమున ఇట్టి యక్షగానములను పెక్కింటిని రచించిరి. వానిని తాళము తప్పక పాడవలసినదే. నడుమ వచ్చు వచనము మాత్రము నటుని స్వాధీనము. కీచకుడు తన బలమును పొగడుకొనునపుడు ఆ యూరి చెరువును, ఆ యేటి కరవును, ముందువరుసలోని పెద్దమనిషి మీసమును మాటలోనికి తెచ్చుకొనవచ్చును. కాని మద్దెల పిలుచుసరికి తరువాతి దరువు ఎత్తుగడకు చేరి తీరవలెను. గట్టు లేని నీరు కాలువ కానట్లే, దరువు లేని ఆశువు నాటకము కాజాలదు.

కనుకనే ఈ విద్యలో బోధనాక్రమమును విలక్షణమైనది. చిందు మేళములలో స్త్రీలును పురుషులతోపాటు వేషము కట్టుదురు. 2005లో కీర్తిశేషురాలైన చిందుల ఎల్లమ్మ పురుషపాత్రలను సైతము ధరించి పేరుపొందినది. కుటుంబమే మేళమైనచోట బిడ్డ ముందుగా విని నేర్చును. పిదప వంత పాడును. ఆ మీదటనే మాట పుట్టును. వినికిడి మూలధనము, ఆశువు దానిపై వచ్చు వడ్డి.

పాశ్చాత్యదేశములందును ఇట్టి ప్రయత్నమొకటి కానవచ్చును. అమెరికాలోని షికాగో నగరమున వయొలా స్పోలిన్ అను ఉపాధ్యాయిని వలసకార్మికుల పిల్లలకు ఆటల ద్వారా ఆశునటనమును నేర్పినది. ఆ యనుభవమునుండి పుట్టిన ఆమె గ్రంథము 1963లో వెలువడినది. భాష చాలని పిల్లవానికి కంఠపాఠ మొసగక, బదులు పలుకవలసిన సన్నివేశమును కల్పించుట ఆమె పద్ధతి. అయితే ఆమె ఆటతో ఆరంభించెను. చిందు మేళము పాటతో ఆరంభించును. తన భాషాసంపదను పోగొట్టుకొనుచున్న బిడ్డకు రెండవదియే ముందు అవసరము.

ముంబయి పరిస్థితి అట్టిదే. నిజాము రాజ్యమునుండి వచ్చిన కట్టడపు పనివారగు కామాఠీల పేరనే కామాఠీపుర వెలసినది. తరువాతి కాలమున ఆ పేటకు వచ్చిన అపఖ్యాతి వారి శ్రమచరిత్రను మరుగుపరచినది. కరీంనగరము, వరంగల్లు ప్రాంతముల పద్మశాలీలు నూలుమిల్లులలో చేరి చాళ్లలో స్థిరపడిరి. 1982లో ఆరంభమైన మిల్లుసమ్మెతో ఆ జీవనము చెదరినది. నేడు అవ్వ తెలుగున పలుకరించిన, మనుమడు మరాఠీలోనో హిందీలోనో బదులిచ్చుట సాధారణమైనది. వార్షికోత్సవ నాటకమున సంభాషణలను దేవనాగరి లిపిలో వ్రాసికొని, తప్పు లేకుండ అప్పగించు పిల్లలును కలరు. సభ చప్పట్లు కొట్టును. కాని ఎదుటి పాత్ర వ్రాతలో లేని ప్రశ్న నొక్కటి వేసినచో ఆ బాలుడు మూగవాడగును. అప్పగింత జ్ఞాపకశక్తికి పరీక్ష. బదులు పలుకుట భాషకు పరీక్ష.

ఈ నగరమున దృష్టాంతమునకు దూరము పోనక్కరలేదు. నాయగాఁవ్ మిల్లుకార్మికుల నడుమ పుట్టిన దాదా కోండ్కే, 1965లో రంగమెక్కిన 'విచ్ఛా మాఝీ పురీ కరా' నాటకమున ఏనాటి వార్తల నానాడు హాస్యముగా మలచి పేక్షకులను మురిపించెను. దానికి వసంత సబ్నీస్ వ్రాసిన కట్టుదిట్టమైన రచన ఆధారముగా నుండెను. వినువారికి ఆ మరాఠీ ఇంటిమాటగా నుండెను. రెండును కలిసినందుననే ఆశువు రాణించినది.

చిందు పద్ధతికిని పరిమితి లేకపోలేదు. అక్షరాస్యత, ఆరోగ్యము వంటి ప్రచారవిషయములను ఆడునపుడు చెప్పవలసినది ముందే నిర్ణీతము కావున వచనమునకు చోటు కుదించుకొనిపోవును. రాత్రి పొడవున సాగు కథను సభావేదికపై అరగంటకు కత్తిరించినను మొదట పోవునది ఈ వచనమే. పురస్కారములు కళాకారుని గౌరవించును. వచనమునకు వలయు సమయమును ప్రేక్షకులే ఈయవలెను.

కావున తెలుగు పాఠశాలలును సంఘములును నాటకపోటీలలో ఉచ్చారణకు మార్కులు వేయుటతో సరిపెట్టరాదు. ముందు రెండు మూడు దరువులను చెవికి ఎక్కించి, నడుమ మాటను పిల్లలకే విడువవలెను. అప్పుడు వారికి అక్కరకు వచ్చునది పాఠ్యపుస్తకపు భాష మాత్రమే కాదు. ఇంటిలో అవ్వ పలుకు పాలమూరు, కరీంనగరపు తెలుగు. ఇన్నాళ్లు తప్పుగా దిద్దబడిన ఆ మాటయే రంగముపై సొంతమాటగా నిలుచును. బి.డి.డి. చాళ్ల స్థానమున బహుళాంతస్తుల భవనములు లేచుచున్న ఈ కాలమున, మనుమని నాటకమునకు మాట అందింపగల అవ్వలు ఇంకను ఉన్నారు. వారుండగానే ఈ పని ఆరంభింపవలసియున్నది.