డెక్కలు, కొండి

మనవారి భయమునకు పరిమాణమే కొలబద్ద. వానకాలపు సాయంకాలమున గడప దగ్గర, అరచేతి పొడవున నల్లగా నిగనిగలాడుచు, ఎండ్రకాయవలె లావుపాటి డెక్కలను పైకెత్తి నిలిచిన మండ్రగబ్బ కంటబడినచో, చీపురు తెమ్మనువారొకరు, దీపము తెమ్మనువారొకరు, మంచమెక్కి కూర్చుండి ఆజ్ఞలిచ్చువారొకరుగా ఇల్లెల్ల అట్టుడికిపోవును. మరునాడు పిడకల గూటిలో వ్రేలెడంత ఎర్రతేలు కనబడినచో మాత్రము, 'పిల్లతేలులే' యని ఆ ఇంటివారే కాలితో నెట్టబోవుదురు. ప్రాణము మీదికి తెచ్చునది ఈ రెండవది.

రంగును నమ్ముటకు వీలులేదు. ఎర్రతేలనునది నారింజ చాయ మొదలుకొని ముదురు గోధుమ చాయ వరకు ఎన్ని విధములుగానైన ఉండవచ్చును. చూడవలసినవి డెక్కలు, తోక. డెక్కలు బలిసి తోక సన్నముగా నున్న జీవి, పురుగును పట్టి నలిపి చంపగలదు గనుక విషముపై అంతగా ఆధారపడదు. డెక్కలు సన్నములై తోక దళసరిగా నున్నదానికి బలమంతయు కొండిలోనే. మా కర్నూలు సీమలో మా అవ్వ ఏ శాస్త్రమును చదువకయే ఈ భేదమును ఎరిగియుండెను. కట్టెల మోపును కఱ్ఱతో తట్టనిదే చేయి వేయదు, గోడకానించి మంచము వేయనీయదు. రాయి తొలగింపవలసినప్పుడు ఆమె చేసిన పని నాకు నేటికిని ఆదర్శము: తన వైపు అంచున చేయి పెట్టక, ఆవలి అంచునకు కొంకి తగిలించి రాతిని తన వైపునకు లేపును, అడుగున నున్నది ఏదైనను ఆవలికి పారునే గాని, రాయి అడ్డముండుటచేత ఆమె పాదముల మీదికి రాదు.

పట్టుటయు కష్టము గాదు. నున్నని గాజును తేలు ఎక్కజాలదు. కావున గాజుగ్లాసును దానిపై బోర్లించి, అడుగున అట్టముక్క దూర్చి తిరుగవేసినచో పని ముగియును. ఊదాకాంతి టార్చి వచ్చిన తరువాత వెదకుట మరింత సులభమైనది. చీకటి పెరటిలో ఆ వెలుగు పడగానే రాతిసందున నున్న తేలు పచ్చని కాంతితో మెరయును. ఒకనాటి రాత్రి ఆ వెలుగులోనే వీపు నిండ పిల్లలను మోయుచున్న తల్లితేలును చూచితిని. పిల్లలు తల్లి కడుపు చీల్చుకొని పుట్టునను మాట వట్టిది. అవి తొలి కుబుసము విడుచు వరకు వీపుననుండి, పిదప తమ దారిని తాము పోవును.

మా జిల్లా కోడుమూరులో శ్రావణమాసపు మూడవ సోమవారమున భక్తులు కొండమీది రాళ్ళ క్రింద వెదకి పట్టిన తేళ్ళను కొండలరాయునికి సమర్పింతురు. ఆ భక్తిని నేను తప్పుపట్టను. ఆ ధైర్యమును ఇంటిదాక తెచ్చుకొనరాదందును.

ఇక మంత్రము సంగతి. నల్లతేలు కుట్టినప్పుడు బాధ ఎంత తీవ్రమైనను సాధారణముగా దానంతట అదియే తగ్గును. ఆ కీర్తి మంత్రగాని ఖాతాలో జమపడును. ఆ కీర్తిని నమ్మియే ఎర్రతేలు కుట్టిన బిడ్డను గూడ ఆయన వద్దకు మోసికొనిపోవుదురు. ఈ విషము నరములను రేపి రక్తనాళములను బిగింపజేయగా, గుండె ఆ భారము మోయలేక సడలి, ఊపిరితిత్తులలో నీరు చేరును. ఒళ్ళెల్ల చెమటలు, వాంతులు, కాళ్ళు చేతులు చల్లబడుట దానికి ముందు సూచనలు. మహారాష్ట్రమున రాయగఢ్ జిల్లా మహాడ్‌లో పల్లెప్రజలకు వైద్యము చేసిన హిమ్మత్‌రావ్ బావస్కర్ ఈ సూచనలను రోగుల మంచముల వద్ద కూర్చుండి గ్రహించి, రక్తపోటునకు వాడు ప్రాజోసిన్ అను చౌక మాత్ర ఆ బిగువును సడలించునని భార్య ప్రమోదినితో గూడి 1986లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించెను. అంతకుముందు చేతులు ముడుచుకొని చూడవలసి వచ్చిన రోగులనేకులు దానితో బ్రదికిరి. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించెను. కావున గాటు పెట్టుట, బిగించి కట్టుట, ఉల్లిపాయ రుద్దుట మొదలగు వానితో ప్రొద్దు పుచ్చక, బిడ్డను ఎత్తుకొని ఆసుపత్రికి పరుగెత్తవలెను.

మా ఇంట నల్లదానిని గ్లాసుతో పట్టి కంచె ఆవల విడుచుటయు, ఎర్రదానిని చెప్పుతో తీర్చుటయు వాడుక. ఇది అన్యాయమనియు, అదియును బొద్దింకలనే తినుననియు మా మనుమరాలు నాతో వాదించును. తాతతో వాదింపవచ్చును, తప్పులేదు. కాని ఆమె తమ్ముడు ఇంకను నేలమీద ప్రాకుచున్నాడు.