ఆగిన ఇంజిన్ నాడి తెలిసినవాళ్లు

రేడియోతో నడిచే మోడల్ హెలికాప్టర్‌ను 1970 ప్రాంతంలో జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ నిలకడగా ఎగిరే యంత్రంగా మలిచాడు. దాని ఇంజిన్ మాటిమాటికీ ఆగిపోతుంటే కారణం పట్టుకునే పనితనం మాత్రం పేరు తెలియని ఎందరో ఔత్సాహికులది. వాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

ఈ ఇంజిన్‌లో స్పార్క్ ఉండదు. గ్లో ప్లగ్‌లోని ప్లాటినం తీగ మిథనాల్ ఆవిరి తగిలి ఎర్రగా కాగుతూ ఉంటుంది. ఇంధనంలో కలిపే నూనెల్లో మన ఆముదం కూడా ఒకటి!

చేయి తిరిగినవాడు ముందు అడిగేది, ఎప్పుడు ఆగింది అని. స్టార్ట్ చేసేటప్పుడు ప్లగ్‌ను వేడి చేసే బ్యాటరీ తీయగానే ఆగితే మొదటి అనుమానం ప్లగ్ మీదే. కాసేపు ఎగిరాక ఆగితే చూపు ఇంధన గొట్టాల మీదకు మళ్లుతుంది. సిలికాన్ గొట్టానికి సూదిమొనంత చిల్లు పడినా ఇంధనంతోపాటు గాలీ లోపలికి పోతుంది. అందుకే గొట్టం ఒక కొస మూసి, నీళ్లలో ముంచి, రెండో కొస నుంచి ఊది బుడగల కోసం చూస్తాడు.

నాకు అన్నిటికన్నా నచ్చేది చెవితో చేసే పరీక్ష. రోటర్‌ను గట్టిగా పట్టుకుని, ఐడిల్‌లో ఇంధన గొట్టాన్ని నొక్కుతాడు. ఇంజిన్ వేగం కాస్త పెరిగి ఆగితే ఇంధనం, గాలి మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు. వెంటనే ఆగితే ఇంధనం చాలడం లేదు. చాలాసేపు పెరుగుతూ పోతే ఎక్కువైంది. అప్పుడే ఇంధనం పాళ్లు మార్చే కార్బ్యురేటర్ సూదిని కొద్దిగా తిప్పి, మళ్లీ వింటాడు.

కొత్తగా ఈ సరదాలోకి వచ్చినవారికి నా మనవి: ఇంజిన్ ఆగగానే సూదులన్నీ తిప్పేయకండి. ముందు కొత్త ప్లగ్ వేసి, గొట్టాలు చూడండి.