బోర్డు రాసినాయన చెయ్యి

ఇరానీ హోటల్ బొమ్మ వేయాలంటే ముందు చాయ్ చెప్పాలి. అలా కాకుండా ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడి స్కెచ్‌బుక్ తెరిస్తే ‘మున్సిపాలిటోళ్లా సార్?’ అంటూ ఎవరో ఒకరు వచ్చేస్తారు. రోడ్డు వెడల్పుకి కొలతలు తీస్తున్నానని వాళ్ల భయం.

సికింద్రాబాద్‌లో ఒక మూలమీది హోటల్. యజమాని తాత ఇరాన్‌లోని యజ్ద్ నుంచి వచ్చాడట. పాలరాతి బల్లలు, వంపు కర్ర కుర్చీలు, గల్లా వెనక అద్దం గంటలో వచ్చేశాయి. పాలరాయికి అసలు రంగే అక్కర్లేదు. కాగితం తెల్లగా వదిలేసి, సాసర్ మరకలు రెండు వేస్తే చాలు. నాలుగు ఆదివారాలు నన్ను కూర్చోబెట్టింది మాత్రం బోర్డు.

దాని మీద మూడు లిపులు. ఇంగ్లిషు కుదిరింది. తెలుగు రాసినాయనకి బాపు అక్షరాల మీద మోజున్నట్టుంది, తలకట్లు ఎగిరి పక్కక్షరం మీద వాలాయి. అదీ పట్టుబడింది. ఉర్దూ నాకు చదవడం రాదు. చూసి, ఎడమ నుంచి కుడికి దించేశాను. గీతలో ప్రాణం లేదు. గల్లా మీది పెద్దాయన తొంగిచూసి, ‘ఉల్టా రాస్తున్నరు సాబ్’ అని, బల్ల మీద ఒలికిన చాయ్‌లో వేలు ముంచి చూపించాడు: కుడి నుంచి మొదలు, చుక్కలన్నీ ఆఖర్న. అలాగే వేశాను. అక్షరం నిలబడింది గానీ తడి రంగంతా అరచేతికి అంటింది. బోర్డు రాసేవాళ్లు మణికట్టు కింద కర్ర ఎందుకు ఆనించుకుంటారో అప్పుడు తెలిసింది.

ఇలా కొట్ల బొమ్మలు వేసేది నేనొక్కణ్నే కాదు. కొరియాలో లీ మిక్యాంగ్ అనే చిత్రకారిణి 1997 నుంచి సన్నటి పెన్నులతో, రంగు సిరాలతో వీధి చివరి చిల్లర కొట్లే వేస్తోంది. ఆ బొమ్మల్లో మనుషులు దాదాపు కనబడరు. గొప్ప ఓపిక. నాకు మాత్రం గల్లా ఖాళీగా వదలబుద్ధి కాదు, అప్పుడే తాళం వేసినట్టుంటుంది.

ఐదో ఆదివారం వెళ్లేసరికి పైన కొత్త ఫ్లెక్స్. పాత రేకు గోడకి ఆనించి ఉంది. దగ్గరగా చూస్తే కింది మూలలో, తుప్పు తినగా మిగిలిన చోట, చిన్నగా రాసినాయన పేరు, పక్కన ‘ఆర్ట్స్’. రోడ్డవతల నుంచి అది కనబడే ప్రశ్నే లేదు. నా బొమ్మలో సరిగ్గా ఆ మూలనే నేను సంతకం పెట్టుకున్నాను.

తడి బ్రష్షుతో దాన్ని ఎత్తేసి, ఆరాక ఆయన పేరు రాశాను.