మన ఊళ్లో ఒక సింగిల్స్ టోర్నీ

పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అట్టడుగు మెట్టు పేరు ఎం15. మొత్తం ప్రైజ్‌మనీ 15,000 డాలర్లు. వారమంతా ఆడి సింగిల్స్ టైటిల్ గెలిచినవాడికి 2,160 డాలర్లు వస్తాయి. మెయిన్ డ్రా మొదటి రౌండ్‌లోనే ఓడినవాడికి 156. మన లెక్కలో పదమూడు వేలకు పైనే. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఒకరికి రెండు నెలలు గడవొచ్చేమో గానీ, పరాయి దేశంలో ఆడే కుర్రాడికి ఆ వారం విమాన టికెట్టు, హోటల్ గది ఖర్చు కూడా దాంతో తేలదు. పైగా ర్యాంకింగ్ పట్టికలో పేరు ఎక్కాలంటే మెయిన్ డ్రాలో కనీసం ఒక మ్యాచ్ గెలవాలి. గెలిస్తే వచ్చేది ఒక్కటే పాయింటు.

ఏ టోర్నీ డ్రా చేతికొచ్చినా ముందు క్వాలిఫయింగ్ పేజీ తిప్పడం ఈ కాలమిస్టు అలవాటు. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో 128 మంది ఉంటారు. వాళ్లలో 104 మంది ర్యాంకుతో, 8 మంది వైల్డ్‌కార్డుతో వస్తారు. మిగిలిన 16 చోట్ల కోసం ఇంకో 128 మంది ముందు వారం నుంచే కొట్లాడతారు. మూడు మ్యాచ్‌లు వరుసగా గెలవాలి. కోచింగ్ సెంటర్ల మధ్య బతికే దిల్‌సుఖ్‌నగర్‌కు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రిలిమ్స్ రాసేవాళ్లు లక్షల్లో ఉంటారు, మెయిన్స్ హాల్లో కూర్చునేది కొద్దిమందే. ఫైనల్ రాత్రి టీవీ ముందు కూర్చునేవాళ్లకు ఈ పేజీ కనపడదు. ఆట అసలు కష్టం తెలిసేది మాత్రం అక్కడే.

2016 యూఎస్ ఓపెన్‌లో ఆ పేజీలో ఒక తెలుగు పేరుంది. సాకేత్ మైనేని. కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టాడు, విశాఖలో పెరిగాడు, అమెరికాలో అలబామా యూనివర్సిటీ తరఫున ఆడాడు. 2014లో ఎం15లకు పైమెట్టైన చాలెంజర్ స్థాయిలో ఇండోర్ సింగిల్స్ గెలిచాడు. న్యూయార్క్‌లో మూడు క్వాలిఫయింగ్ రౌండ్లూ దాటి మెయిన్ డ్రాలో అడుగుపెట్టేసరికి అతనికి 28 ఏళ్లు. మొదటి రౌండ్‌లో చెక్ ఆటగాడు జిరి వెసెలీ మీద 2-1 సెట్ల ఆధిక్యం సంపాదించాడు. తర్వాత కండరాలు పట్టేశాయి. అయినా వదల్లేదు. ఐదో సెట్ 5-7తో చేజారింది. ఆ రోజు ఓటమిని మన పత్రికలు రెండో రోజుకే మరిచిపోయాయి. తెలుగువాళ్ల క్రీడా చరిత్రలో దానికి చాలా పెద్ద చోటు ఇవ్వాలి.

తర్వాతి ఏళ్లలో సాకేత్ ఎక్కువగా డబుల్స్‌లోనే కనిపించాడు. అతనొక్కడే కాదు. సికింద్రాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో లియాండర్ పేస్ పక్కన డబుల్స్ ఆడాడు, మొదటి రౌండ్ గెలిచాడు కూడా. హైదరాబాద్‌కే చెందిన బొల్లిపల్లి రిత్విక్ చౌదరి 2024లో అర్జున్ కాధేతో కలిసి అల్మాటీ ఓపెన్, 2025లో కొలంబియా ఆటగాడు బారియెంటోస్‌తో కలిసి చిలీ ఓపెన్ గెలిచాడు. రెండూ ఏటీపీ 250 స్థాయి టైటిళ్లే. సాకేత్ విషయానికే వస్తే 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో మిక్స్‌డ్ స్వర్ణం, 2023లో హాంగ్‌జౌలో రామ్‌కుమార్‌తో డబుల్స్ రజతం.

గర్వపడాల్సిన విజయాలే ఇవన్నీ. అయినా ఇంతమంది డబుల్స్‌లోనే ఎందుకు నిలదొక్కుకుంటున్నారన్న ప్రశ్న వదలదు. కోర్టు కొలతలు కొంత చెబుతాయి. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు, మొత్తం ఒక్కడే కాపాడుకోవాలి. డబుల్స్‌కి 36 అడుగులు, కానీ ఇద్దరు. ఒక్కొక్కరి వాటా 18. ఏటీపీ డబుల్స్‌లో మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్ ఆడతారు. మంచి సర్వీసు, నెట్ దగ్గర చురుకైన చేయి ఉన్నవాడికి అక్కడ ముప్ఫై దాటాక కూడా జీతంలాంటి ఆదాయం ఉంటుంది. సింగిల్స్‌లో ఒళ్లు ఒక్కసారి మొండికేస్తే ఆదుకునేవాడుండడు.

చెన్నై నుంగంబాక్కంలో 2008 జనవరిలో జరిగిన ఏటీపీ టోర్నీలో ఇది కళ్లకు కట్టింది. ఎల్బీనగర్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లారి చేరుకోగల ఊళ్లో, నాదల్ సెమీస్‌లో కార్లోస్ మోయాతో 3 గంటల 54 నిమిషాలు పోరాడి మూడు టైబ్రేక్‌ల మ్యాచ్ నెగ్గాడు. మర్నాడు ఫైనల్‌లో యూజ్నీ చేతిలో 0-6, 1-6. అంతటివాడికీ కాళ్లు కదల్లేదు. అదే చెన్నైలో వావ్రింకా నాలుగుసార్లు గెలిచాడు. 2014లో అక్కడి కప్పుతో బయల్దేరి ఆ నెలలోనే ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా ఎత్తాడు. ఆ టోర్నీ 2018లో పుణెకి వెళ్లింది, 2023 తర్వాత అక్కడా లేదు.

పెద్ద టోర్నీ పోయినా చిన్నవి నిలబడ్డాయి. 2024 ఫిబ్రవరిలో చెన్నై, పుణె, బెంగళూరు, ఢిల్లీల్లో ఏటీపీ చాలెంజర్లు జరిగాయి. ఆ చెన్నై టైటిలే సుమిత్ నాగల్‌ని ప్రపంచ టాప్ 100లోకి చేర్చింది. అంతకు కొన్ని నెలల ముందు, బ్యాంకు ఖాతాలో తొమ్మిది వందల యూరోలే మిగిలాయని చెప్పుకున్న ఆటగాడతను. ఏడాది ఖర్చు కోటి రూపాయల దగ్గర తేలే ఆటలో సొంత దేశంలో వరుసగా నాలుగు వారాలు ఆడగలగడం ఎంత ఊరటో వేరే చెప్పాలా?

ఆ నాలుగు ఊళ్లలో హైదరాబాద్ లేదు. సొంత ఊరి టోర్నీ ఏం చేస్తుందో ఈ నగరానికి తెలియక కాదు. ఎల్బీ స్టేడియం టెన్నిస్ కోర్టుల్లో 2003లో సానియా మీర్జా వైల్డ్‌కార్డుతో తొలి డబ్ల్యూటీఏ మ్యాచ్ ఆడి ఓడింది. 2004లో అక్కడే లీజెల్ హ్యూబర్‌తో డబుల్స్ గెలిచింది. 2005 ఫిబ్రవరిలో అక్కడే అల్యోనా బొందరెంకోపై సింగిల్స్ టైటిల్ అందుకుంది. ఓడిన ఏడాది తర్వాత టోర్నీ మళ్లీ తన ఊరికే వచ్చింది కాబట్టి ఆమెకు రెండో అవకాశం, మూడో అవకాశం దొరికాయి. మన మగపిల్లలకు అలాంటి వరుస ఎప్పుడు కల్పించాం?

రాష్ట్ర ప్రభుత్వం, టెన్నిస్ సంఘం కలిసి ఏటా ఒక చాలెంజర్ మొదలుపెట్టాలి. ఒక్కసారి హడావిడి చేసి వదిలేయకుండా కనీసం అయిదేళ్లు నడపాలి. 32 మంది మెయిన్ డ్రాలో మూడు వైల్డ్‌కార్డులు నిర్వాహకుల చేతిలో ఉంటాయి, అందులో ఒకటి ఇక్కడి కుర్రాడికి ఇవ్వాలి. చాలెంజర్ క్వాలిఫయింగ్ మామూలుగా ఆదివారం మొదలవుతుంది. ఎల్బీనగర్‌లో మెట్రో రెడ్‌లైన్ ఎక్కితే ఎక్కడా మారకుండా అసెంబ్లీ స్టేషన్‌లో దిగొచ్చు, అక్కణ్నుంచి స్టేడియం నడక దూరం. ఆ ఆదివారం స్కూలు పిల్లలకు టికెట్టు పెట్టకూడదు.